చేయి తిరిగి నేర్చుకొను పాఠము
పక్షవాత చికిత్సలో కల్పిత దృశ్య యంత్రములు – ఒక విమర్శ

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, దుర్గము నీడలో నున్న ఉదయగిరి కొయ్య చెంచాలకు, గరిటెలకు ప్రసిద్ధి. నర్ది, బిక్కి మొదలగు అడవి కొయ్యలను చెక్కి అక్కడి పనివారు చేయు ఈ వస్తువులు భౌగోళిక గుర్తింపును కూడ పొందినవి. చెంచా చెక్కువాని దగ్గర కూర్చుండి చూచినచో ఒక విషయము తెలియును. చెంచా ఆకారమును కన్ను చూచుచుండును. కాని దాని గుంట ఎంత పలుచబడినదో చెప్పునది కన్ను కాదు, బొటనవ్రేలు. ఇంకను నొక్కవలెనా, ఇక ఆపవలెనా అను తీర్పు వ్రేలి కొనయందే జరుగును.

అట్టి పనివాని కుడిచేయి ఒకనాటి ఉదయమున పక్షవాతముచే పడిపోయినదనుకొందము. వైద్యులు ప్రాణము నిలిపిరి. కొంతకాలమునకు కాలు కదలినది, మాట వచ్చినది. చేయి మాత్రము ఒడిలోనే పడియున్నది. బంధువులలో ఒకరు పావురపు నెత్తురు పూయుమనిరి. చదువుకొన్న వేరొకరు, "పట్టణములో ఒక యంత్రమున్నదట. కండ్లకు తెర కట్టి, ఆట ఆడించి, చేతిని తెప్పింతురట" అనిరి. మొదటిది మూఢవిశ్వాసము, రెండవది విజ్ఞానశాస్త్ర ఫలము. అందు సందేహము లేదు. కాని ఏ ప్రశ్నయు వేయక రెండవదానిని నమ్మి, నగలు కుదువబెట్టి బయలుదేరినచో, శాస్త్రమును గూడ మొదటిదాని పీఠము మీదనే కూర్చుండబెట్టినట్లగును. కావున ఆ యంత్రమును పొగడుటకు గాని నిందించుటకు గాని గాక, తూచి చూచుటకు ఇచట ప్రయత్నింతము.

చెడినది చేయి కాదు

పక్షవాతము వచ్చినవాని చేతిలోని ఎముకలు, కండలు, నరములు మొదట చెడవు. చెడినది మెదడు. మెదడునకు నెత్తురు తెచ్చు నాళమొకటి గడ్డతో మూసికొనిపోయినను, పగిలినను, ఆ నాళముపై ఆధారపడిన కణములు చనిపోవును. ఎడమ మెదడు కుడిచేతిని, కుడి మెదడు ఎడమచేతిని నడుపును గనుక దెబ్బ ఒక ప్రక్క, ఫలితము ఇంకొక ప్రక్క కనిపించును. చనిపోయిన కణములు మరల బ్రతుకవు. అయినను కొందరి చేయి కొంత తిరిగివచ్చుచున్నదే, అదెట్లు?

1996లో అమెరికాలో రాండాల్ఫ్ నూడో అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు చిన్న కోతులపై చేసిన పరిశోధన దీనికి కొంత సమాధానమిచ్చినది. చేతిని నడుపు మెదడు భాగములో కొంత దెబ్బతిన్న కోతులకు, చిన్న గుంటలలోనుండి తిండి పలుకులను వ్రేళ్ళతో ఏరుకొను పనిని దినదినము నేర్పిరి. అట్లు నేర్చిన కోతులలో గాయము చుట్టునున్న చేతిభాగము నిలిచినది; కొన్నింట మోచేయి, భుజము భాగములలోనికి కూడ వ్యాపించినది. ఏ శిక్షణయు లేని కోతులలో మిగిలిన భాగము కూడ క్షీణించినట్లు అంతకుముందే కనుగొనబడినది. అనగా మెదడు పొలము వంటిది. సాగుచేసినవాడు పొరుగు బీడును గూడ కలుపుకొనును; సాగు మానినచో ఉన్న మడి కూడ బీడగును.

ఇక్కడనే అసలు చిక్కు వచ్చుచున్నది. మెదడు మారవలెనన్న ఒక కదలికను వందలకొలది సార్లు చేయవలెను. 2009లో అమెరికా, కెనడా దేశముల ఆసుపత్రులలో వ్యాయామచికిత్స జరుగుచుండగా కూర్చుండి లెక్కించినవారికి, ఒక పూట చికిత్సలో రోగి చేతితో చేసిన పనికివచ్చు కదలికలు సగటున 32 మాత్రమే అని తేలినది. ధనిక దేశములలోనే ఇట్లున్నది. ఒక చెంచా చెక్కుటకు కత్తి ఎన్ని మారులు తిరుగునో తెలిసినవారికి ఈ 32 ఎంత స్వల్పమో వేరుగ చెప్పనక్కరలేదు.

యంత్రము పుట్టుక

విసుగు లేకుండ వందలమారులు చేయించుటకే కల్పిత దృశ్య యంత్రము వచ్చినది. దీనినే వర్చువల్ రియాలిటీ అందురు. తలకు తగిలించుకొను తెరలలో, తల త్రిప్పిన కొలది మారు కల్పిత దృశ్యమును 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ చూపినాడు. ఆ లోకములోని వస్తువు చేతికి తగులునట్లు చేయు విద్య మరియొక దారిన వచ్చినది. అణుధార్మిక పదార్థములను దూరమునుండి పట్టుకొనుటకు రేమండ్ గోర్ట్జ్ అను ఇంజనీరు 20వ శతాబ్ది నడుమ యంత్రహస్తములను నిర్మించినాడు. అవతలి చేతికి తగిలిన అడ్డు ఇవతలి పిడిలో తెలియునట్లు ఆయన ఏర్పాటు చేసినాడు. 1990వ దశకములో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రోగి చేతిని బల్లమీద నడిపించు 'ఎం.ఐ.టి.-మానస్' రోబోట్, వ్రేలికి కల్పిత వస్తువు గట్టితనమును తెలుపు 'ఫాంటమ్' అను పరికరము తయారైనవి. కొద్దికాలమునకు రట్గర్స్ విశ్వవిద్యాలయమువారు వ్రేళ్ళను ప్రతిఘటించు తొడుగును పక్షవాత రోగులకు వాడి చూచిరి.

ఈ రెండు విద్యలలో స్పర్శ విద్యయే కష్టతరము. విద్యార్థులకు దీని కారణము ఆసక్తికరముగ నుండును. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చూపిన చాలు, కన్ను దానిని కదలికగా నమ్మును. చేయి అంత సులభముగ మోసపోదు. మన చర్మము సెకనుకు కొన్ని వందల కంపములను గుర్తించగలదు. కల్పితమైన గోడకు వ్రేలు తగిలినప్పుడు అది గోడవలె గట్టిగ నుండవలెనన్న, యంత్రము సెకనుకు సుమారు 1000 మారులు వ్రేలు ఎక్కడున్నదో కొలిచి, తగిన బలముతో ఎదురు నెట్టుచుండవలెను. ఆ వేగము తగ్గినచో గోడ రబ్బరువలె మెత్తబడును, లేదా వణకును. కన్నుకంటె వ్రేలు కఠినమైన పరీక్షకుడు. ఉదయగిరి పనివాడు ఈ మాటను యంత్రము లేకయే ఒప్పుకొనును.

పరీక్షలు చెప్పిన మాట

మంచి ఊహ మంచి చికిత్స కావలెనన్న పరీక్షకు నిలువవలెను. ఒక మడికి క్రొత్త ఎరువు వేసి, నీరు కూడ రెట్టింపు పెట్టి, పంట పెరిగినప్పుడు అది ఎరువు మహిమయే అని చెప్పువానిని ఏ రైతైనను నవ్వును. రెండు మళ్ళకు నీరు సమముగ పెట్టి, ఒకదానికి మాత్రమే ఎరువు వేసి చూడవలెను. చికిత్సలలో నీరనగా అభ్యాస కాలము.

అట్టి పరీక్ష ఒకటి 2016లో వెలువడినది. కెనడా మొదలగు నాలుగు దేశములలో 141 మంది రోగులను రెండు జట్లుగ విభజించిరి. ఒక జట్టు తెరమీద 'వీ' అను ఆటయంత్రముతో ఆడినది. రెండవ జట్టు పేకలు ఆడుట, కొయ్య దిమ్మెలు పేర్చుట వంటి సామాన్యమైన ఆటలు ఆడినది. ఇరువురికిని రెండు వారములలో గంట చొప్పున పది పూటలు. ఫలితమేమి? రెండు జట్లును బాగుపడినవి. రెంటికిని భేదము లేదు. పేకముక్కలు యంత్రముతో సమముగ నిలిచినవి.

రోబోట్ మాట కూడ ఇట్లే ఉన్నది. బ్రిటనులో 770 మందిపై చేసి 2019లో ప్రకటించిన పరీక్షలో, 'ఎం.ఐ.టి.-మానస్' యంత్రముతో వారమునకు మూడు మారులు, పూటకు ముప్పావు గంట వంతున, పన్నెండు వారములు శిక్షణ ఇచ్చిరి. మామూలు చికిత్స పొందినవారికంటె వీరి చేతి కదలికల కొలత కొంచెము హెచ్చినది. కాని చేతితో చేయు పనులయందు, దినచర్యయందు చెప్పుకొనదగిన మేలు కనిపించలేదు. చేయి బల్లమీద బాగుగ జరిగినది. గ్లాసు నోటివరకు రాలేదు.

అనేక పరీక్షలను కలిపి తూచు కాక్రేన్ సంస్థ 2017లో ఇచ్చిన తీర్పును ఉపాధ్యాయులు తరగతిలో చర్చింపదగును. సమానమైన కాలము మామూలు చికిత్స చేసినవారితో పోల్చిన 22 పరీక్షలలో, 1,038 మంది విషయమున, కల్పిత దృశ్య చికిత్స చేతికి అధిక మేలు చేసినట్లు తేలలేదు. మామూలు చికిత్సకు తోడుగ, అదనపు కాలముగ చేర్చిన 10 పరీక్షలలో, 210 మంది విషయమున, మేలు కనిపించినది. 2025లో 190 పరీక్షలను, 7,188 మందిని చేర్చుకొని మరల తూచినప్పుడు, సమాన కాలముతో పోల్చినను యంత్రము ప్రక్క ముల్లు కొంచెము మొగ్గినది. కాని ఆ మొగ్గు స్వల్పము. అదనపు కాలముగ చేర్చినప్పుడే మేలు హెచ్చుగ నున్నది. దీనినిబట్టి మందులో ముఖ్య భాగము యంత్రము కాదు, అది చేయించు అభ్యాసము. యంత్రము పథ్యమునకు రుచి కలిగించు ఊరగాయ వంటిది. దానివలన అన్నము నాలుగు ముద్దలు ఎక్కువ దిగినచో మేలే. అన్నము లేక ఊరగాయ మాత్రము కడుపు నింపదు.

స్పర్శ విషయమున మూడు ఆక్షేపణలు

దీనికి యంత్ర పక్షమువారు, "ఆ పాత యంత్రములలో స్పర్శ లేదు, స్పర్శ చేర్చినచో ఫలితము వేరుగ నుండును" అందురు. వారి వాదములో న్యాయమున్నది. తలకు తెర కట్టుకొని కల్పితమైన చెంబును పట్టుకొనబోవు రోగికి చెంబు కనిపించును గాని, వ్రేళ్ళు గాలిని పట్టుకొనును. ఎంత గట్టిగ పట్టవలెను, జారుచున్నదా, బరువెంత అను ప్రశ్నలకు చర్మము జవాబివ్వక పోవుటచే ఆ కదలిక నిజమైన పట్టుగా పరిణమింపదు. అయినను ఈ వాదమును మూడు ప్రశ్నలు వేయక అంగీకరింపరాదు.

మొదటిది: యంత్రమిచ్చునది ఎట్టి స్పర్శ? సెల్‌ఫోను వణకినట్లు వ్రేలిదగ్గర చిన్న మోటారు వణకుట ఒక సూచన మాత్రమే. అది "తగిలినది" అని చెప్పును. బరువు, నునుపు, తడి, వేడి చెప్పదు. సూచనను స్పర్శయని పేరు పెట్టి అమ్ముట తగదు.

రెండవది: రోగి చేతికి స్పర్శ తెలియుచున్నదా? పక్షవాతము చాలమందిలో కదలికతోపాటు స్పర్శజ్ఞానమును గూడ తగ్గించును. కండ్లు మూయించి, ఏ వ్రేలు తాకితిమో, చేతిలో నాణెమున్నదో తాళపుచెవి యున్నదో అడిగినచో ఇది తెలియును. ఈ చిన్న పరీక్ష చేయక ఖరీదైన తొడుగు తొడుగుట చెవిటివాని ముందు శంఖమూదుటయే.

మూడవది: వస్తువే దగ్గరనుండగా దాని నకలు ఎందుకు? నీరు నింపిన చెంబు బరువును, చల్లదనమును, జారుడును ఒక్కమారే చెప్పును. సెకనుకు 1000 లెక్కలు వేయనక్కరలేదు. వ్రేళ్ళు కొంతైనను ముడుచుకొనగల రోగికి నిజమైన వస్తువే ఉత్తమమైన స్పర్శయంత్రము. చేయి బొత్తిగా లేవని రోగి మాట వేరు. వానికి చేతి బరువును తాను మోసి, రోగి చేయలేని భాగమును మాత్రము పూర్తిచేసి, బలము వచ్చిన కొలది సహాయము తగ్గించు యంత్రము నిజముగా అక్కరకు వచ్చును. బలమునిచ్చు యంత్రమునకు తావు అక్కడ నున్నది.

ఇంకొక లోపము కూడ చెప్పవలెను. ఆటలో మార్కులు తెర ఇచ్చును. రోగి మోచేతిని చాపలేక నడుమును ముందుకు వంచి పండు అందుకొన్నను తెర "భేష్" అని గంట కొట్టును. చేయి నేర్వవలసిన పాఠమును నడుము కాపీకొట్టినది; పరీక్షకుడు పట్టుకొనలేదు. ప్రక్కన వ్యాయామ వైద్యుడున్నచో "నడుము కదలరాదు" అని భుజము పట్టును. అన్ని యంత్రములు ఆ పని చేయవు. పైగా తెరమీది ఆటలు తరచుగ టెన్నిసు, బౌలింగు. మన రోగికి కావలసినది అన్నములో పులుసు కలిపి ముద్దచేయుట, చొక్కా బొత్తాము పెట్టుకొనుట, పంచె కట్టుకొనుట. చేతితో అన్నము కలుపుటకంటె వ్రేలి కొనల స్పర్శ అవసరమైన పని మరియొకటి లేదు. దానిని నేర్పని యంత్రము మన ఇంటికి ఇంకను రాలేదనియే చెప్పవలెను.

ఉదయగిరి, ఆత్మకూరు సంగతి

ఇక మన రోగి దగ్గరకు వత్తము. ఉదయగిరినుండి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు, ఆత్మకూరు నడుమనున్నది. వారమునకు ఐదు దినములు చేతిచికిత్స కావలెనన్నచో, తోడు వచ్చువాని కూలి పోవును, బస్సు ఖర్చు అగును, రోగి అలసిపోవును. పట్టణమందలి గొప్ప యంత్రమునకు అసలు పోటీ మరియొక యంత్రము కాదు, ఈ దూరమే. పదిమారులు వెళ్ళి పదునొకండవ మారు మానివేయు చికిత్స ఎంత గొప్పదైనను వ్యర్థము.

అట్లైనచో ఇంటివారికే నేర్పి ఇంటిలోనే చేయించరాదా? ఈ ప్రశ్న మన దేశములోనే పరీక్షింపబడినది. 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులపై జరిగి 2017లో ప్రకటింపబడిన 'అటెండ్' పరీక్షలో కుటుంబమువారికి శిక్షణ ఇచ్చి పంపిరి. ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు రెండు జట్లలోను నూటికి 47 మందియే. ఆ పరీక్ష చేతిని మాత్రమే కొలిచినది కాదు. అయినను ప్రేమ ఒక్కటే చాలదని, కొద్ది పాఠములు చెప్పి పంపుట చికిత్స కాదని అది హెచ్చరించుచున్నది. లండనులోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో మూడు వారములలో 90 గంటలు చేతికి శిక్షణ పొందిన 224 మంది విషయమున గణనీయమైన అభివృద్ధి కనిపించినట్లు 2019లో ప్రకటించిరి. దానికి పోల్చుటకు రెండవ జట్టు లేదు; కావున అది తుది తీర్పు కాదు. అయినను దారి ఎటున్నదో అది సూచించుచున్నది: ఎక్కువ గంటలు, నేర్పరియైన వ్యాయామ వైద్యుడు, దినచర్యకు సంబంధించిన పని.

ఈ దృష్టితో చూచినచో మనకు దగ్గరలోనే ఒక మంచి ప్రయత్నమున్నది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములవారు చికిత్సకు వెళ్ళుట అలవాటైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయు, మద్రాసు ఐ.ఐ.టి.యు కలిసి 'ప్లూటో' అను చిన్న రోబోట్‌ను రూపొందించినవి. దీనికి ఒకటే మోటారు. దానికి తగిలించు పిడులను మార్చుకొనుచు మణికట్టును, ముంజేతిని, పిడికిలిని వేరువేరుగ సాధకము చేయింపవచ్చును. రోగి చేయి కదలించిన కొలది కంప్యూటరు తెరమీద ఆట సాగును. చేతగానిచోట మోటారు సాయపడును. తలకు తెర లేదు, అద్భుత లోకము లేదు. బల్లమీద పట్టును, మోసికొనిపోవచ్చును. ఆత్మకూరు వంటి ఊరి ఆసుపత్రిలో ఒక వ్యాయామ వైద్యుని ప్రక్కన ఇట్టిది ఒకటి యుండుట, దూరపట్టణములో పది రెట్లు గొప్ప యంత్రముండుటకంటె మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయము. వైద్యుడు లేక యంత్రము మాత్రము వచ్చినచో, అది కొన్నినాళ్ళకు గుడ్డ కప్పుకొని మూలకు చేరును.

యంత్రమే లేనిచోట ఏమి చేయుదము? అద్దము కలదు. రామచంద్రన్ అను, మన దేశమున జన్మించిన శాస్త్రజ్ఞుడు, చేయి తెగినవారి బాధను తగ్గించుటకు అద్దపు పెట్టెను వాడినాడు. 1999లో దానిని పక్షవాత రోగులకును ప్రయత్నించిరి. చెడిన చేతిని అద్దము వెనుక నుంచి, మంచి చేతిని అద్దము ముందు కదలించినచో, పడిపోయిన చేయి కదలుచున్నట్లు మెదడునకు తోచును. ఆలోచించి చూడగా ఇదియు కల్పిత దృశ్యమే, విద్యుత్తు అక్కరలేనిది. 62 పరిశోధనలను, 1,982 మందిని కలిపి 2018లో తూచినప్పుడు, ఇది చేతి కదలికను కొంత మెరుగుపరచునని తేలినది. అట్లే మంచి చేతికి తొడుగు వేసి, చెడిన చేతిచేతనే పనులు చేయించు పద్ధతియు, వ్రేళ్ళలో కొంత కదలిక మిగిలిన 222 మందిపై 2006లో ప్రకటించిన పరీక్షలో నెగ్గినది. ఇవి కూడ వ్యాయామ వైద్యుని సలహాతోనే చేయవలెను. పడిపోయిన భుజమును పట్టి లాగుట వంటి పొరపాటు కీలును చెరచును.

అడుగవలసిన ప్రశ్నలు

పట్టణములో యంత్ర చికిత్సకు డబ్బు కట్టకముందు ఈ ప్రశ్నలు అడుగుట ప్రతి కుటుంబమునకు హక్కు. ఒక పూటలో చేయి ఎన్ని మారులు కదలును? ఇది మామూలు చికిత్సకు తోడా, దాని బదులా? నడుము వంచి మోసము చేయకుండ చూచువారెవరు? చేతి స్పర్శను ముందుగ పరీక్షించితిరా? నెల తరువాత మీరు కొలుచునది ఆటలోని మార్కులా, రోగి తన చేతితో తిన్న ముద్దలా? ఈ ఐదింటికి తిన్నని జవాబు చెప్పలేనివారి యంత్రము ఎంత మెరసినను, మనము ఇంటికి తిరిగి రావచ్చును.

ఉపాధ్యాయులు ఒక అద్దమును బల్లమీద నిలువుగ పెట్టి, విద్యార్థుల చేతులతోనే ఈ ప్రయోగమును తరగతిలో చూపవచ్చును. అద్దములోని చేతిని తాకినప్పుడు వెనుకనున్న చేతియందు ఏమి తోచినదో వారిచేతనే వ్రాయింపుడు. పనిలో పనిగ, ముఖము వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయవలెనని కూడ నేర్పుడు. గడ్డను కరిగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపుననే ఇవ్వవలసియున్నది. ఉదయగిరినుండి నెల్లూరు దారి అందులో ఎంత భాగమును తినివేయునో పిల్లలే లెక్క వేయుదురు.

మన చెంచాల పనివాని చేతికి మొదట కత్తి ఇవ్వనక్కరలేదు. లావుపాటి పిడిగల ఒక కొయ్య గరిటెను ఇత్తము. బలహీనమైన పిడికిలికి లావు పిడియే తేలిక. వ్యాయామ వైద్యులు విదేశములలోనూ చేయు ఏర్పాటు ఇదియే. దినమునకు ఇన్ని మారులని లెక్క పెట్టుకొని, అతడు దానిని పట్టి, ఎత్తి, గిన్నెలో త్రిప్పి, దించుచుండవలెను. యంత్రము దొరకినచో ఆ లెక్కను పెంచుటకు వాడుకొందము. చేయి తిరిగివచ్చినదని చెప్పవలసినది తెరమీది గంట కాదు. గుంట పలుచబడినదని ఆ బొటనవ్రేలు మరల గుర్తించిననాడే చికిత్స ఫలించినట్లు.